గుండె సీటీలో టెక్స్చర్ అనాలిసిస్: మొదటిసారి చేసేవాళ్ళ కోసం

థీసిస్ టాపిక్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడగానే రేడియాలజీ పీజీల్లో చాలామంది కన్ను టెక్స్చర్ అనాలిసిస్ మీద, అంటే స్కాన్ బొమ్మ అల్లికని నంబర్లుగా కొలిచే పద్ధతి మీద పడుతుంది. కొత్తగా పేషెంట్లని పోగుచేయక్కర్లేదు. ప్యాక్స్‌లో, అంటే ఆస్పత్రి స్కాన్లన్నీ దాచే కంప్యూటర్ వ్యవస్థలో, పాత స్కాన్లు కుప్పలుగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదు. బటన్ నొక్కితే వందకి పైగా నంబర్లు ఎక్సెల్ షీటులో వచ్చి పడతాయి. నేనూ ఆ ఆశతోనే దిగాను.

నా మొదటి గ్రాఫు చూసి మా గైడ్ కూడా కాసేపు మురిసిపోయారు. జబ్బున్నవాళ్ళ చుక్కలు ఒక పక్క, లేనివాళ్ళవి ఇంకో పక్క, మధ్యలో ఎవరో గీత గీసినట్టు విడిపోయాయి. వారం తర్వాత వేరే పని మీద ఒక స్కాన్ హెడర్, అంటే ఆ స్కాన్ ఎలా తీశారో రాసి ఉండే వివరాలు, తెరిచాను. అప్పుడు తెలిసింది సంగతి. రక్తనాళాల్లో కాల్షియం బాగా పేరుకున్న పేషెంట్లకి మా దగ్గర అలవాటుగా షార్ప్ కెర్నెల్‌తో (బొమ్మని పదునుగానో మెత్తగానో చేసే లెక్కే కెర్నెల్) బొమ్మ తయారుచేసి ప్యాక్స్‌కి పంపేవారు, మిగతావాళ్ళకి మామూలు మెత్తటి కెర్నెల్. రెండు నెలలు కూర్చుని నేను కొలిచింది ఆ కెర్నెల్ తేడా.

ఆ దెబ్బ తిన్నాక నేర్చుకున్న వరుసనే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ తెరవకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది. విసుక్కోకండి.

ముందు అల్లిక అంటే ఏమిటో చేత్తో లెక్క వేసి చూడండి

ఒక చిటికెడు ఇడ్లీ రవ్వ, ఒక చిటికెడు బియ్యప్పిండి వేళ్ళ మధ్య నలపండి. రంగు ఇంచుమించు ఒకటే, తూకమూ ఒకటే కావచ్చు. వేళ్ళకి మాత్రం తేడా వెంటనే తెలిసిపోతుంది. సీటీలో మనం మామూలుగా చూసేది సగటు హెచ్‌యూ (హౌన్స్‌ఫీల్డ్ యూనిట్, ఆ చోటు ఎంత దట్టంగా ఉందో చెప్పే సీటీ అంకె), అంటే ఒకరకంగా తూకం. టెక్స్చర్ అనాలిసిస్ ఆ వేళ్ళ పని చేస్తుంది: పక్కపక్క పిక్సెళ్ళు ఒకదానితో ఒకటి ఎలా అల్లుకుని ఉన్నాయో కొలుస్తుంది.

కాగితం మీద 16 గళ్ళు గీయండి, నాలుగు వరుసలు, వరుసకి నాలుగు గళ్ళు. రెండు బొమ్మలు కావాలి.

మొదటిది:
30 30 30 30
30 30 30 30
90 90 90 90
90 90 90 90

రెండోది:
30 90 30 90
90 30 90 30
30 90 30 90
90 30 90 30

రెండింటిలోనూ సగటు 60. హిస్టోగ్రాం కూడా అచ్చం ఒకటే: ఎనిమిది 30లు, ఎనిమిది 90లు. ఇప్పుడు అడ్డంగా పక్కపక్కనున్న జతలు లెక్కపెట్టండి. ఒక్కో బొమ్మలో 12 జతలు వస్తాయి. మొదటి బొమ్మలో పన్నెండూ ఒకేరకం జతలు. రెండోదాంట్లో పన్నెండూ తేడా ఉన్నవే. నిలువుగా చూస్తే మొదటి బొమ్మలో 12 జతల్లో 4 మాత్రమే తేడావి, రెండోదాంట్లో మళ్ళీ పన్నెండూ. ఇలా జతలు లెక్కపెట్టి వేసే పట్టికే గ్రే లెవెల్ కో-ఆకరెన్స్ మ్యాట్రిక్స్, అందరూ వాడే మాటలో జీఎల్‌సీఎం. 1973లో రాబర్ట్ హరాలిక్, షణ్ముగం, డిన్‌స్టైన్ కలిసి ఈ పట్టిక నుంచి 14 కొలతలు తీసి చూపించారు. వాళ్ళు పరీక్షించింది ఇసుకరాళ్ళ ఫొటోల మీద, విమానంలోంచి, ఉపగ్రహం నుంచి తీసిన నేల బొమ్మల మీద. గుండెకి ఈ లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇంకొక్క అడుగు వేయండి, ఇదే అసలు కిటుకు. సాఫ్ట్‌వేర్ 30, 90 అని నేరుగా తీసుకోదు, ముందు మెట్లుగా విడగొడుతుంది. మెట్టు వెడల్పు 25 పెడితే 30 ఒకటో మెట్టులో, 90 మూడో మెట్టులో పడతాయి. తేడా 2, దాని వర్గం 4, కాబట్టి ఆ 14 కొలతల్లో ఒకటైన కాంట్రాస్ట్, అంటే జతల తేడాల వర్గాల సగటు, రెండో బొమ్మకి 4. వెడల్పు 50 పెట్టండి: ఒకటో మెట్టు, రెండో మెట్టు, కాంట్రాస్ట్ 1. వెడల్పు 100 పెడితే రెండూ ఒకే మెట్టులో కూర్చుంటాయి, కాంట్రాస్ట్ సున్నా. అల్లిక మొత్తం మాయం! బొమ్మలో ఒక్క పిక్సెల్ కూడా మారలేదు, మనం పెట్టిన ఒక్క సెట్టింగే మారింది. ఎవరి పేపరైనా చదివేటప్పుడు ఈ వెడల్పు ఎంతో రాయకపోతే నేను అక్కడే ఆపేస్తాను.

ఒకటో అడుగు: గుండెలో ఎక్కడ కొలవాలో తేల్చుకోండి

మూడు చోట్లు ఉన్నాయి. కరోనరీ నాళం గోడలోని పూడిక, అంటే ప్లాక్. నాళం చుట్టూ ఉన్న కొవ్వు. ఎడమ జఠరిక కండరం.

ప్లాక్ మీద బాగా పేరొచ్చిన పని బుడాపెస్ట్ నుంచి 2017లో వచ్చింది. నాళం అడ్డకోతలో నాప్కిన్ రింగ్ గుర్తు (ప్లాక్ చుట్టూ ఉంగరంలా కనిపించే అంచు) ఉన్న 30 మందినీ, లేని 30 మందినీ జత చేసి 4,440 కొలతలు తీస్తే 916 కొలతల్లో తేడా కనిపించింది. మామూలుగా కొలిచే ప్లాక్ పరిమాణం, సగటు హెచ్‌యూ లాంటివి ఆ రెండు గుంపుల్ని విడదీయలేకపోయాయి. కండరం మీద 2018లో జ్యూరిక్ బృందం, కాంట్రాస్ట్ మందు ఎక్కించని లో-డోస్ సీటీలో కంటికి కనపడని ఇన్‌ఫార్క్ట్‌ని (రక్తం అందక దెబ్బతిన్న కండరాన్ని) అల్లికతో పట్టే ప్రయత్నం చేసింది. రెండూ ఊరించే పనులే. కానీ ప్లాక్ చాలా చిన్నది, కొన్ని మి.మీ. లోనే అయిపోతుంది. పక్కన కాల్షియం మెరుపు, లోపల కాంట్రాస్ట్ మెరుపు. మొదటిసారి చేసేవాళ్ళకి అంచు గీయడంలోనే ప్రాణం పోతుంది.

అందుకే నా సలహా, కుడి కరోనరీ చుట్టూ ఉన్న కొవ్వుతో మొదలుపెట్టండి. దాని వెనక ఉన్న కారణం కూడా అర్థమయ్యేదే. నాళం గోడలో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే, ఆ సంకేతాల వల్ల పక్కనున్న కొవ్వు కణాలు పూర్తిగా ఎదగవు. వాటిలో కొవ్వు తగ్గి నీటి పాలు పెరుగుతుంది. సీటీలో ఆ కొవ్వు హెచ్‌యూ మైనస్ 100 వైపు నుంచి పైకి, సున్నా వైపు జరుగుతుంది. ఆక్స్‌ఫర్డ్ బృందం 2017లో దీన్ని చూపించింది. 2018లో వచ్చిన క్రిస్ప్-సీటీ అధ్యయనంలో మైనస్ 70.1 హెచ్‌యూ, అంతకన్నా పైన ఉన్నవాళ్ళలో గుండె జబ్బు మరణాలు ఎక్కువని తేలింది. 2019లో అదే బృందం సగటుతో ఆగకుండా ఆ కొవ్వు అల్లికని కూడా కొలిచింది. కొలవాల్సిన చోటు కూడా రాసిపెట్టి ఉంది: కుడి కరోనరీ మొదలు నుంచి 10 మి.మీ. వదిలి, 50 మి.మీ. వరకు; నాళం బయటి గోడ నుంచి నాళం వ్యాసమంత దూరం; మైనస్ 190 నుంచి మైనస్ 30 హెచ్‌యూ మధ్య ఉన్న పిక్సెళ్ళు. చోటు ఇంత కచ్చితంగా ఉంటే మొదటిసారి చేసేవాళ్ళకి సగం టెన్షన్ తగ్గినట్టే.

రెండో అడుగు: స్కాన్ దగ్గర నిలబడండి

గుండె కొట్టుకుంటూ ఉంటే కుడి కరోనరీ అన్నిటికన్నా ఎక్కువ కదులుతుంది. కదిలిన నాళం చుట్టూ కొవ్వు చెదిరిపోయి కనపడుతుంది. ఆ చెదురుని సాఫ్ట్‌వేర్ అల్లిక అనే అనుకుంటుంది.

ఇకమీదట కొత్తగా పేషెంట్లని తీసుకునే స్టడీ అయితే నాలుగైదు రోజులు స్కాన్ రూములో నిలబడి చూడండి. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చారు. పల్స్ 84. పొద్దున కాఫీ తాగొద్దని చెప్పారా అని అడిగితే, "కాఫీ ముట్టలేదమ్మా, టీ తాగాను" అన్నారు. గుండె వేగం 60–65 కిందకి వస్తేనే బొమ్మ నిలకడగా వస్తుంది. అందుకే స్కాన్‌కి గంట ముందు మెటోప్రొలాల్ మాత్ర ఇస్తారు. ఆస్తమా, బాగా తక్కువ బీపీ, హార్ట్ బ్లాక్ ఉన్నాయేమో డాక్టరు అడిగాకే. నాళాలు విప్పారడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తారు. దానికి ముందు సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వేసుకున్నారా అని అడగాలి. ఇంటివాళ్ళందరి ముందు అడిగితే ఎవరూ నిజం చెప్పరు, పక్కకి తీసుకెళ్ళి అడగండి.

తర్వాత ఊపిరి. "ఊపిరి పీల్చి బిగపట్టండి" అని మైకులో వినపడగానే చాలామంది గుండెల నిండా పీల్చి, రెండు సెకన్లకే వదిలేస్తారు. టేబుల్ మీద పడుకోబెట్టాక మూడుసార్లు ప్రాక్టీసు చేయించాలి. ఆ పెద్దాయనకి మా టెక్నీషియన్ "పెద్దాయనా, నీళ్ళలో మునిగినట్టు అనుకోండి, నేను చెప్పేదాకా లేవొద్దు" అన్నాడు. మూడోసారికి పది సెకన్లు కదలకుండా ఉన్నారు. ఆ మూడు నిమిషాలు నా ఎక్సెల్ షీటులో ఏ కాలమ్‌లోనూ కనపడవు, కానీ ఆ స్కాన్‌లో కుడి కరోనరీ కత్తితో కోసినట్టు వచ్చింది.

ఇక మెషీన్ సంగతి. స్టడీ మొత్తానికి కింది విషయాలు ఒకేలా ఉండేట్టు టెక్నీషియన్లతో ముందే మాట్లాడుకోండి. కేవీ, అంటే ఎక్స్‌రే గొట్టానికి ఇచ్చే వోల్టేజీ, ఒకటే ఉండాలి. కేవీ తగ్గితే కొవ్వు హెచ్‌యూ ఇంకా మైనస్‌లోకి జారుతుంది. సన్నగా ఉన్నవాళ్ళకి 100, లావుగా ఉన్నవాళ్ళకి 120 అని మెషీన్ తనంతట తాను మార్చేస్తుంటే, మీరు కొలిచేది పేషెంటు ఒళ్ళు. కెర్నెల్ గురించి చెప్పాను కదా, ఒకటే మెత్తటి కెర్నెల్. ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (బొమ్మని మళ్ళీ మళ్ళీ లెక్కేసి కట్టే పద్ధతి) ఏ లెవెల్లో ఉందో రాసుకోండి. నాయిస్‌ని, అంటే బొమ్మలో చుక్కలు చుక్కలుగా కనపడే గరుకుని, నునుపు చేయడమే దాని పని కాబట్టి అల్లిక మీద దాని ప్రభావం నేరుగా ఉంటుంది. డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్ కూడా అంతే. స్లైసు మందం 0.5 లేదా 0.6 మి.మీ., కార్డియాక్ ఫేజ్, అంటే ఒక గుండె చప్పుడుకీ ఇంకోదానికీ మధ్య ఏ క్షణం బొమ్మో, 70–75 శాతం దగ్గర. కుడి మోచేతి మడతలో 18 గేజ్ క్యాన్యులా, సెకనుకి 5 మి.లీ. చొప్పున కాంట్రాస్ట్, వెనకే సెలైన్.

ఇంత పట్టింపు ఎందుకని విసుగొస్తే కాల్షియం స్కోరుని గుర్తుచేసుకోండి. అగట్‌స్టన్ 1990లో చెప్పిన లెక్క ఇవాళ్టికీ నడుస్తోంది. అది చాలా మోటు లెక్క: 130 హెచ్‌యూ దాటిన మచ్చ వైశాల్యాన్ని ఒకటి నుంచి నాలుగు వరకు ఒక అంకెతో గుణించడమే. నిలబడటానికి కారణం, అందరూ 120 కేవీలో, 3 మి.మీ. స్లైసులో, కాంట్రాస్ట్ లేకుండా, ఒకేలా తీయడం. హైదరాబాద్‌లో వచ్చిన స్కోరుని న్యూజెర్సీలో ఉన్న కొడుకు తన డాక్టరుకి చూపిస్తే ఆ డాక్టరుకి అర్థమవుతుంది. అల్లిక నంబర్లకి ఇంకా ఆ యోగం పట్టలేదు.

మూడో అడుగు: పాత స్కాన్లతో చేస్తుంటే హెడర్లు చదవండి

చాలామందికి చేతికొచ్చేవి పాత స్కాన్లే. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. ఆ తర్వాత పేరు, యూహెచ్‌ఐడీ (ఆస్పత్రి ఇచ్చే పేషెంటు నంబర్), పుట్టినతేదీ, ఆస్పత్రి పేరు అన్నీ తీసేసిన కాపీ మీదే పని. కొన్ని స్క్రీన్ క్యాప్చర్లలో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది, ట్యాగులు తుడిచినా అది పోదు. ఆ సిరీస్‌లని అసలు ఎగుమతి చేయొద్దు.

తర్వాత ఒక షీటు తెరవండి. పేషెంటు కోడ్, స్కానర్ మోడల్, స్కాన్ తేదీ, కేవీ, కెర్నెల్, రీకన్‌స్ట్రక్షన్ లెవెల్, స్లైసు మందం, పిక్సెల్ సైజు, ఫేజ్, గుండె వేగం, ఆరోహణ బృహద్ధమనిలో సగటు హెచ్‌యూ, అక్కడి స్టాండర్డ్ డీవియేషన్. చివరి రెండూ హెడర్లో ఉండవు, మీరే ఒక గుండ్రటి ఆర్‌ఓఐ (కొలవడానికి గీసుకున్న చోటు) పెట్టి కొలవాలి. ఆ రెండో అంకే మీ నాయిస్. గుండె సీటీల్లో అది 20–30 హెచ్‌యూ ఉండటం మామూలే.

షీటు నిండాక జబ్బున్నవాళ్ళని ఒక రంగులో, లేనివాళ్ళని ఇంకో రంగులో పెట్టి ఒక్కో కాలమ్ మీద సార్ట్ చేయండి. ఏ కాలమ్‌లోనైనా రంగులు రెండు ముద్దలుగా విడిపోతే ఆగిపోండి. నేను ఈ పని మొదటే చేసి ఉంటే ఐదు నిమిషాల్లో కెర్నెల్ గుట్టు బయటపడేది.

నాలుగో అడుగు: అంచు గీయడం

3డీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్నే తీసుకోండి. రేడియోమిక్స్ ఎక్స్‌టెన్షన్ కూడా వేసుకుంటే కొలతలూ అందులోనే వస్తాయి.

కుడి కరోనరీ మొదలు నుంచి కిందకి మార్కప్ కర్వ్ ఒకటి వేయండి. దాని పొడవు సాఫ్ట్‌వేరే చూపిస్తుంది, కాబట్టి 10 మి.మీ. దగ్గర ఒకటి, 50 మి.మీ. దగ్గర ఒకటి గుర్తు పెట్టుకోవచ్చు. సెగ్మెంట్ ఎడిటర్‌లోకి వెళ్ళి ఆ ముక్కలో నాళాన్ని, గోడతో సహా, రంగు వేయండి. ఆ సెగ్మెంట్‌ని కాపీ చేసి, మార్జిన్ టూల్‌తో నాళం వ్యాసమంత, ఇంచుమించు 3 నుంచి 4 మి.మీ., పెంచండి. పెంచినదాంట్లోంచి నాళాన్ని లాజికల్ ఆపరేటర్స్‌తో తీసేస్తే గొట్టం చుట్టూ తొడుగులా ఒక పొర మిగులుతుంది. దాంట్లో మైనస్ 190 నుంచి మైనస్ 30 వరకు ఉన్న పిక్సెళ్ళే ఉంచండి.

ఇక్కడ కంటితో చూడాల్సిన చోటు ఒకటి ఉంది. జూమ్ చేసి నాళం అంచు దగ్గరికి వెళ్ళండి. కాంట్రాస్ట్ నిండిన లోపలి భాగం 400 హెచ్‌యూ ఉంటుంది, కొవ్వు మైనస్ 90. ఈ రెండూ ఒకే పిక్సెల్‌లో పడితే మధ్యలో ఏదో అంకె వస్తుంది. అది మైనస్ 50 అయిందనుకోండి, ఇన్‌ఫ్లమేషన్ ఉన్న కొవ్వులాగే కనిపిస్తుంది, నిజానికి అక్కడ ఉన్నది రెండింటి కలగలుపు. నేను నాళం అంచు నుంచి 1 మి.మీ. వదిలేసి మొదలుపెడతాను. మీరు వదిలినా వదలకపోయినా అందరు పేషెంట్లకీ ఒకటే పద్ధతి పాటించండి, పేపర్లో రాయండి. పక్క కొమ్మలు, సిరలు, కుడి కర్ణిక గోడ ఈ పొరలోకి దూరి ఉంటే చేత్తో చెరిపేయండి.

ఒక ఇరవై ముప్ఫై కేసుల్ని ఇంకొకరితో విడిగా గీయించండి. మీరే మూడు వారాల తర్వాత మళ్ళీ గీయండి, పాత గీతలు చూడకుండా. గీసేవాళ్ళకి ఎవరికి జబ్బుందో తెలియకూడదు. ఈ పని కోసం జూనియర్‌ని బతిమాలుకోవాల్సి వస్తుంది, బిర్యానీ ఖర్చు మీదే.

ఐదో అడుగు: సెట్టింగులు

ఆ ఎక్స్‌టెన్షన్ లోపల నడిచే పైరేడియోమిక్స్ మామూలు సెట్టింగ్‌తో 107 కొలతలు ఇస్తుంది: ఆకారానివి 14, హిస్టోగ్రాంవి 18, మిగతా 75 అల్లికవి. వేవ్‌లెట్ ఫిల్టర్ (బొమ్మని సన్న వివరాలు, మోటు వివరాలుగా విడగొట్టేది) ఆన్ చేస్తే ఇంకో 744 తోడై 851 అవుతాయి. మొదటిసారి వేవ్‌లెట్ జోలికి వెళ్ళకండి.

పిక్సెల్ సైజు ముందు సరిచేయాలి. 200 మి.మీ. ఫీల్డ్ ఆఫ్ వ్యూ, 512 మ్యాట్రిక్స్ అంటే పిక్సెల్ 0.39 మి.మీ. ఇంకొకరికి ఫీల్డ్ 250 పెట్టారంటే 0.49. పక్క పిక్సెల్ అంటే ఒకరిలో ఒక దూరం, ఇంకొకరిలో ఇంకో దూరం అవుతుంది. అందుకే అన్నిటినీ 0.5 మి.మీ. ఘనాలుగా రీశాంపుల్ చేయండి.

ఇప్పుడు మెట్టు వెడల్పు. సాఫ్ట్‌వేర్ సొంతంగా పెట్టేది 25. మన కొవ్వు మొత్తం 160 హెచ్‌యూ పరిధిలోనే ఉంది కాబట్టి 25 పెడితే 7 మెట్లే వస్తాయి, మరీ మోటు. 5 పెడితే 33 మెట్లు. కానీ మీ నాయిస్ 25 హెచ్‌యూ ఉంటే 5 హెచ్‌యూ మెట్లు ఆ నాయిస్‌నే సన్నగా తరిగి చూపిస్తాయి. నేను 10 పెట్టాను, 17 మెట్లు వచ్చాయి. ఇదే సరైనదని చెప్పను. 5, 10, 25 మూడింటితోనూ నడిపి, ఫలితం ఏ ఒక్కదాంట్లోనే కనిపిస్తుంటే దాన్ని నమ్మకండి. కొలతల పేర్లు, సూత్రాలు ఒక్కో సాఫ్ట్‌వేర్లో ఒక్కోలా ఉండే గందరగోళాన్ని సరిచేయడానికి ఐబీఎస్ఐ అనే అంతర్జాతీయ బృందం 2020లో 169 కొలతలకి ప్రమాణాలు ఇచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా దాన్ని పాటిస్తుందో లేదో చూసుకోండి.

ఆరో అడుగు: నంబర్లని ఏరివేయడం

107 కొలతల్ని రెండు గుంపుల మధ్య పోల్చి పి విలువ 0.05 కింద ఉన్నవి ఏరుకుంటే, అసలు తేడా ఏమీ లేకపోయినా ఐదారు చిక్కుతాయి. వేవ్‌లెట్‌తో 851 అయితే నలభై పైచిలుకు. వాటిలో ఒకదానికి మంచి పేరున్న కొలత దొరికితే కథ అల్లేయడం ఎంతసేపు!

అందుకే జబ్బు సంగతి చూడకముందే ఏరివేత మొదలవ్వాలి. ఇద్దరు గీసిన కేసుల్లో ఐసీసీ (ఇద్దరి కొలతలు ఎంత కలిశాయో చెప్పే అంకె) 0.8 కన్నా తక్కువ వచ్చిన కొలతలు తీసేయండి. ఒకదానికొకటి 0.9 పైన కోరిలేషన్ ఉన్న జంటల్లో ఒకదాన్ని వదలండి. కొవ్వు ఘనపరిమాణంతో గట్టిగా ముడిపడినవాటిని కూడా. ఎనర్జీ లాంటి కొలత ఆర్‌ఓఐ పెద్దదైతే చాలు పెరిగిపోతుంది. మిగిలినవాటిని లాసోకి, అంటే అక్కర్లేని కొలతల్ని వదిలేసే గణిత పద్ధతికి, ఇవ్వొచ్చు. మోడల్‌లో ఒక్కో కొలతకి కనీసం పదిమంది జబ్బున్న పేషెంట్లు ఉండాలని పాత మోటు లెక్క ఒకటుంది; 40 మంది ఉంటే నాలుగు కొలతలు మించొద్దు. టెస్ట్ కోసం పక్కన పెట్టిన పేషెంట్లని ఈ ఏరివేతలో ఎక్కడా కలపకండి. మా బ్యాచ్‌లో ఎక్కువమంది జారిపడ్డది ఇక్కడే.

రెండు మూడు స్కానర్ల డేటా అయితే కాంబ్యాట్ అనే సవరణ ఉంది, జన్యు పరిశోధన నుంచి వచ్చింది. కానీ ఒక స్కానర్లో అందరూ జబ్బున్నవాళ్ళే, ఇంకోదాంట్లో అందరూ లేనివాళ్ళే అయితే ఏ సవరణా కాపాడదు.

ఏడో అడుగు: బృహద్ధమని పరీక్ష

ఈ పని మా దగ్గర ఒక సీనియర్ నేర్పింది. ఇప్పుడు ఎవరి డేటా చూసినా మొదట ఇదే అడుగుతాను.

ఆరోహణ బృహద్ధమని మధ్యలో, గోడకి తగలకుండా, మీ కొవ్వు ఆర్‌ఓఐ అంత ఘనపరిమాణంలో ఒక గోళం పెట్టండి. అక్కడ ఉన్నది కాంట్రాస్ట్ కలిసిన రక్తం. రక్తానికి అల్లిక ఏముంటుంది? అక్కడ కొలిచే ప్రతి గరుకుదనమూ నాయిస్, కెర్నెల్, కేవీ, పేషెంటు ఒళ్ళు, ఇవే. ఇప్పుడు అవే సెట్టింగులతో, అదే ఏరివేతతో, అదే మోడల్ కట్టండి. బృహద్ధమనిలోని రక్తం అల్లిక చూసి గుండె జబ్బుందో లేదో మీ మోడల్ చెప్పేస్తోందంటే, కొవ్వులో మీరు కనుక్కున్నది కూడా అదే సరుకు.

నా పాత డేటా మీద ఈ పరీక్ష పెట్టాను. కొవ్వు అల్లిక ఎంత బాగా విడదీసిందో రక్తం అల్లిక కూడా ఇంచుమించు అంతే బాగా విడదీసింది. గైడ్‌కి చూపిస్తే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "టీ చెప్పు ముందు" అన్నారు.

దాంతోపాటు ఇంకోటి. జబ్బు ఉంది, లేదు అనే కాలమ్‌ని ఇష్టమొచ్చినట్టు కలిపేసి, అంటే పేకముక్కలు కలిపినట్టు, మొత్తం పని మళ్ళీ నడపండి. వందసార్లు. ఏయూసీ (మోడల్ ఎంత బాగా విడదీస్తోందో చెప్పే అంకె, 0.5 అంటే బొమ్మాబొరుసుతో సమానం) సగటున 0.5 దగ్గర తిరగాలి. 0.65, 0.7 వస్తోందంటే మీ ఏరివేతలో టెస్ట్ డేటా ఎక్కడో లోపలికి కారుతోంది.

ఎనిమిదో అడుగు: ఉన్నదానితో పోల్చండి

అల్లిక ఒక్కటే పెట్టి ఏయూసీ చూపిస్తే కార్డియాలజిస్టులు పట్టించుకోరు, వాళ్ళది న్యాయమే. వయసు, షుగర్, బీపీ, పొగతాగడం, కాల్షియం స్కోరు, క్యాడ్-రాడ్స్ గ్రేడు (నాళాలు ఎంత పూడుకున్నాయో చెప్పేది), కొవ్వు సగటు హెచ్‌యూ, వీటన్నిటితో ముందు ఒక మోడల్ కట్టండి. దానికి అల్లిక చేర్చాక ఎంత పెరిగిందో చెప్పండి. పోటీ గట్టిదే. స్కాట్-హార్ట్ అనే స్కాట్లాండ్ అధ్యయనంలోని పేషెంట్ల మీద 2020లో వచ్చిన విశ్లేషణలో, నాళంలో లో-అటెన్యుయేషన్ ప్లాక్ భారం 4 శాతం దాటినవాళ్ళకి గుండెపోటు ముప్పు దాదాపు ఐదు రెట్లని తేలింది. దానికి అల్లిక లెక్కలేవీ అక్కర్లేదు, 30 హెచ్‌యూ కింద ఉన్న ప్లాక్‌ని కొలిస్తే చాలు.

మీ నంబర్ ఎంత అందంగా వచ్చినా పేషెంటు రిపోర్టులో రాయకండి. స్టడీలో ఉన్న ఒకాయన కొడుకు వచ్చి, "మా నాన్నగారి అల్లిక ఎలా ఉంది సార్?" అని అడిగితే, అది పరిశోధన కోసమని, చికిత్సకి పనికొచ్చేవి స్టెనోసిస్ (నాళం సన్నబడిన) శాతం, ప్లాక్, కాల్షియం స్కోరు అని చెప్పి, ఆ రిపోర్టు చేతికివ్వండి.

ఇంకొక్క మాట. ఫోటాన్ కౌంటింగ్ సీటీలు 2021లో మార్కెట్లోకి వచ్చాయి, 0.2 మి.మీ. స్లైసులు ఇస్తాయి. మీ స్టడీ సగంలో ఉండగా మీ డిపార్ట్‌మెంట్‌కి అలాంటిది వస్తే, కొత్త స్కాన్లని పాతవాటిలో కలిపే ముందు మూడో అడుగు షీటు మళ్ళీ తెరిచి, స్కానర్ కాలమ్ మీద సార్ట్ చేసి, రంగులు చూసుకోండి.